దాలమ్మ తిట్లు

బెంగాలీల మధ్య ఉన్న రైల్వే ఊళ్లో, తాల్‌బగీచా పేటలో తెలుగువాళ్ల ఇంట పెళ్లి కుదిరిందంటే పురోహితుడి కంటే ముందు దాలమ్మకి కబురు వెళ్లేది. సారె బుట్టల్లోకి జంతికలు, చెక్కలు, పోకుండలు ఆమె చేతివే ఉండాలి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భర్త పోయాక ఆమె ఇంటి ముందు వరండాలో పొయ్యి పెట్టింది. ఆ పొయ్యి మీదే కొడుకు రాజశేఖర్‌ని చదివించింది. ఆడపడుచు కూతురు మీనాకుమారిని కోడలిగా తెచ్చుకుని, ఆ పొయ్యి పక్కనే కూర్చోబెట్టి పిండి కలపడం నేర్పింది.

ఇప్పుడు ఆమెకి డెబ్బై దాటాయి. చేతిలో వాటం పోలేదు గానీ అడిగేవాళ్లు తగ్గిపోయారు. రిటైరైన కుటుంబాలు ఒక్కొక్కటే విశాఖపట్నానికో విజయనగరానికో సామాను కట్టేశాయి. మిగిలినవాళ్లకి మాల్‌లో దొరికే రంగురంగుల ప్యాకెట్లు అలవాటయ్యాయి. అదే సమయంలో రాజశేఖర్ పనిచేసే రైల్వే పార్సిల్ ఆఫీసులో కాంట్రాక్టరు మారాడు. కొత్తవాడు తన మనుషుల్ని తెచ్చుకోవడంతో రాజశేఖర్ పని పోయింది. అతను మెత్తని మనిషి, ఎవరినీ నిలదీసే రకం కాదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిల్ మీద పని వెతుక్కుంటూ వెళ్లేవాడు. మధ్యాహ్నానికి అదే చొక్కాతో, చెమటతో తిరిగొచ్చేవాడు.

వీడియోలు తీసి ఫోన్లో పెడదామన్న ఆలోచన మీనాకుమారిది. పక్కింటి బెంగాలీ దీదీ చెల్లెలు చీరలు చూపిస్తూ వీడియోలు పెట్టి, ఇంట్లో కూర్చునే అమ్ముతోందని విన్నది. చీరలు అమ్ముడైతే జంతికలు ఎందుకు అమ్ముడుకావు అనుకుంది.

మొదటి వీడియోకి స్టీలు పళ్లెంలో జంతికలు పేర్చి, పక్కన బంతిపువ్వు పెట్టి, హిందీలో నాలుగు మాటలు బట్టీ పట్టి చెప్పింది. చూసినవాళ్లంతా చుట్టాలే. తర్వాత తర్వాత తనంతట తనే కొన్ని సంగతులు కనిపెట్టింది. వరండాలోకి ఎండ వాలుగా పడే పొద్దుటి పూట బొమ్మ బాగా వస్తుంది. వీధిలో టోటో బ్యాటరీ రిక్షాల హారన్ లేనప్పుడే జంతిక విరిచిన చప్పుడు వినిపిస్తుంది. గొట్టంలోంచి పిండి చుట్టలు చుట్టుకుంటూ నూనెలో పడి, చుట్టూ నురగ లేచే క్షణాన్ని దగ్గరగా తీస్తే తనకే నోరూరింది. ఇంత బాగున్నదాన్ని జనం చూడకుండా ఎలా ఉంటారు అనుకునేది.

జనం చూడలేదు.

"ఏటే మీనా, ఆ ఫోను నూనెలో పడితే ఎవులు తీస్తారే? సెయ్యి కాల్సుకుంటావు, జరుగు," అని దాలమ్మ విసుక్కునేది.

"ఒక్క నిమిషం అత్తా. ఈ చుట్ట ఒక్కటీ."

"సుట్ట తీస్తన్నావో, నా పేణం తీస్తన్నావో!"

దాలమ్మ మాటతీరే అంత. ఆమె నోట్లో తెలుగు, హిందీ, బెంగాలీ, రైల్వే ఇంగ్లీషు కలిసిపోయి ఉండేవి. కోపం వచ్చిందంటే నాలుగూ ఒకేసారి బయటికొచ్చేవి. తిట్టేసిన వెంటనే పిలిచి పళ్లెంలో అన్నం పెట్టేది. ఆ ఇంట్లో ఆ తిట్లని ఎవరూ తిట్లుగా లెక్కపెట్టేవాళ్లు కాదు.

నిమ్‌పురా క్వార్టర్స్‌లో కిరణ్‌కుమార్ అని ఒకతను ఉన్నాడు. మీనాకుమారి స్నేహితురాలి తమ్ముడు. గోల్‌బజార్‌లో చీరల షాపులకీ, జిమ్ముకీ, కేకుల దుకాణానికీ వీడియోలు తీసి బతుకుతున్నాడు. మీనాకుమారి అతన్ని పిలిచి తన వీడియోలు చూపించింది. అతను ఓపిగ్గా అన్నీ చూశాడు.

"బాగానే తీసినావు అక్కా. గానీ జంతికల్ని ఎవులు సూస్తారు? మనిషిని సూస్తారు. మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి అవ్వాల. నవ్వో, ఏడుపో, గొడవో. అది అయ్యాకే నీ సరుకు."

"మా ఇంట్లో గొడవలేటి ఉంటాయిరా?" అని మీనాకుమారి నవ్వేసింది.

ఆ మాటన్న కొద్దిరోజులకే అలాంటి వీడియో ఒకటి దొరికింది. దొరికిందనే అనాలి, ఎవరూ కావాలని తీసింది కాదు. మీనాకుమారి ఫోనుని డబ్బాకి ఆనించి పొయ్యి వైపు తిప్పి పెట్టింది. అప్పుడే రాజశేఖర్ మిల్లు నుంచి పిండి సంచి మోసుకుని వచ్చాడు. దాలమ్మ పిండిని వేళ్ల మధ్య నలిపి చూసింది. మిల్లువాడు అంతకుముందు గోధుమలు ఆడి, రాయి తుడవకుండానే వీళ్ల బియ్యం పోసేశాడు. ఆమె చిల్లుల గరిటె చేత్తో పట్టుకునే లేచింది.

"బియ్యం ఆడించమంటే గోదుమ దుమ్ము తెచ్చినావేట్రా! ఆంఖే కిస్‌కో దియా? ఏటి, కళ్లు అమ్మేసినావా? దేఖో దేఖో, మేరా హీరో దేఖో! మూ ఫస్ట్ క్లాస్, దిమాగ్ మాల్‌గాడీ! మొకవేమో ఫస్ట్ క్లాసు, బుర్రేమో గూడ్సు బండి! సిగ్నల్ ఇచ్చినా కదల్నేదు, ఇంజను తగిలించినా కదల్నేదు! హాయ్ రే భొగొబాన్, ఈణ్ని కన్నరోజు నాకు డ్యూటీ ఆఫ్ ఇచ్చినా బాగుణ్ను!"

రాజశేఖర్ సంచి భుజాన పెట్టుకునే నిలబడి, తల్లి ఆగేదాకా ఆగి, "మళ్లీ ఆడించుకొస్తానే అమ్మా," అన్నాడు. దాలమ్మ వెంటనే, "ఈ ఎండలో ఎల్లకు. మజ్జిగ తాగు ముందు," అంది.

మీనాకుమారి ఆ సాయంత్రం వీడియో చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. దాలమ్మకీ చూపించింది. "ఓలమ్మో, నాను ఇలగుంటానేటే?" అని దాలమ్మా నవ్వింది. రాజశేఖర్ కూడా నవ్వాడు. కిరణ్‌కుమార్‌కి పంపిస్తే అతను చివర్లో మజ్జిగ మాట కోసేసి, కింద హిందీలో అక్షరాలు వేసి, తన పేజీలో పెట్టాడు.

రెండు రోజుల్లో లక్షలమంది చూశారు. మూడో రోజుకి ఆమెకి పేరు కూడా పెట్టారు: గుస్సావాలీ నానీ. కోపిష్టి అమ్మమ్మ.

మొదట్లో పండగలాగే ఉండేది. తాల్‌బగీచా సందులోకి బైకుల మీద కాలేజీ పిల్లలు, మిడ్నపూర్ నుంచి జంటలు వచ్చారు. ఉన్న జంతికలన్నీ మొదటి రెండు రోజుల్లో అమ్ముడైపోయాయి. మీనాకుమారి రెట్టింపు పిండి ఆడించింది. దాలమ్మ కొత్త చీర కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది.

వారం తిరిగేసరికి మీనాకుమారికి ఒక సంగతి అర్థమైంది. వచ్చినవాళ్లు కొనడానికి రావడం లేదు. ఒక చిన్న పొట్లం తీసుకుని, ఫోను ఎత్తి, "నానీ, గాలీ దో నా, గాలీ!" అని, తిట్టమని అడుగుతున్నారు. తిట్టకపోతే పిండిలో వేలు పెట్టేవాడొకడు, వేయించినవాటిని చేత్తో కెలికేవాడొకడు. ఒక అమ్మాయి కావాలనే పళ్లెం కింద పడేసి, దాలమ్మ ముఖం మీద ఫోను పెట్టింది. దాలమ్మ వంగి ముక్కలు ఏరుకుంటూ, "ఠీక్ హై దీదీ, ఫరవానేదు," అంది. ఆ అమ్మాయి నిరాశగా వెళ్లిపోయింది.

కోల్‌కతా నుంచి, రాంచీ నుంచి కొన్ని ఆర్డర్లు వచ్చాయి. కొరియర్‌లో వెళ్లిన జంతికలు అవతలికి చేరేసరికి పిండిపిండి అయ్యాయి. ఒకాయన ఆ పొడిని పళ్లెంలో ఒంపి, దాని మీద దాలమ్మ గొంతే కోసి అతికించి, సరుకే గూడ్సు బండి అన్నట్టు "మూ ఫస్ట్ క్లాస్, మాల్ మాల్‌గాడీ" అని వీడియో చేశాడు. దాన్నీ చాలామంది చూశారు. ఆ తర్వాత బయటి ఆర్డర్లు ఆగిపోయాయి.

అందరికంటే ముందు కుంగిపోయినవాడు రాజశేఖర్. టీ దుకాణంలో, పార్సిల్ ఆఫీసు గేటు దగ్గర, ఆఖరికి పని అడగడానికి వెళ్లిన గోడౌనులో కూడా, "అరే మాల్‌గాడీ ఆగయా!" అంటూ గూడ్సు బండి వచ్చిందని నవ్వారు. గోడౌను మేనేజరు పక్కవాణ్ని పిలిచి మరీ చూపించాడు. పని మాత్రం ఇవ్వలేదు. రాజశేఖర్ ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

"తీసేయమను ఆ వీడియో," అన్నాడు భార్యతో.

"తీసేస్తే ఇప్పుడొచ్చే ఆ నలుగురూ రారు బావా."

"వచ్చి ఏటి కొంటన్నారు?"

మీనాకుమారి పళ్లెంలో మిగిలిపోయిన జంతికల్ని డబ్బాలోకి సర్దింది. అయినా తీయించలేదు. కొనకపోయినా, ఇంతమంది తమ వీధిలోకి రావడం ఆమె జీవితంలో మొదటిసారి. ఈ మందిలోంచే ఎవరో ఒకరు అసలైన కొనుగోలుదారు వస్తారని ఆమె ఆశ.

వచ్చినట్టే వచ్చారు. కోల్‌కతాలో మిఠాయి దుకాణాలున్న ఒకాయన కిరణ్‌కుమార్‌కి ఫోన్ చేశాడు. నానీ పేరుతో జంతికలు తన దుకాణాల్లో పెడతానన్నాడు. అయితే మొదటిదానిలాంటి వీడియో ఇంకొకటి కావాలి, అందులో తన దుకాణం పేరు ఉండాలి.

కిరణ్‌కుమార్ లైటు, స్టాండు తెచ్చి వరండాలో పెట్టాడు. దాలమ్మకి పౌడరు రాశారు. రాజశేఖర్ ఖాళీ సంచి మోసుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ మాత్రానికి అతన్ని ఒప్పించడానికే మీనాకుమారికి ఒక పూట పట్టింది.

"తిట్టు మామ్మా," అన్నాడు కిరణ్‌కుమార్.

దాలమ్మ కొడుకు వంక చూసింది. లైటు వంక చూసింది. "ఒరే శేఖరా... పిండి..." అని ఆగిపోయింది. "ఏటని తిట్టీది బాబూ? ఆడు తప్పు సెయ్యనేదు గదా."

"సేసినాడనుకో మామ్మా."

"అనుకుంటే కోపం వొస్తాదేటి? అదేటి కొళాయా, తిప్పితే రాడానికి?"

మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. ఆమె గొంతు పెంచితే నాటకంలా ఉంది, తగ్గిస్తే బతిమాలినట్టుంది. చివరికి తనే నొచ్చుకుని, "నావల్ల మీ పని పాడైపోతన్నాది," అంది. కిరణ్‌కుమార్ ఆ పూటకి చాలన్నాడు. వీధి మలుపు దాకా సాగనంపడానికి వచ్చిన మీనాకుమారితో నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, నటించడం ఆవిడికి రాదు. నిజంగా కోపం తెప్పించాల. రేపు ఫోను కనపడకుండా పెడతాను. నువ్వు ఆ మంచి నూనె పక్కన పెట్టి, సవక పామాయిలు మూకుట్లో పొయ్యి. ఒక మాట అను. మండిపోద్ది."

"ఏటనాల?"

అతను చెప్పాడు. మీనాకుమారి వద్దంది. అతను కోల్‌కతా దుకాణాల గురించి మళ్లీ చెప్పాడు. ఆమె ఇంటికెళ్లి మేకుకి వేలాడుతున్న భర్త చొక్కా చూసింది. ఆ చొక్కా తొడుక్కోక అతనికి చాలా రోజులైంది.

మర్నాడు పొద్దున్న కిరణ్‌కుమార్ పిండి డబ్బాల మధ్య ఫోను దాచి, తను కిటికీ అవతల నిలబడ్డాడు. దాలమ్మ పిండిలో వాము నలిపి వేస్తోంది. మీనాకుమారి పామాయిలు ప్యాకెట్టు కత్తిరించి మూకుట్లో పోసింది.

"ఏటది? ఏ నూనె అది?"

"పామాయిలు. ఈరోజు నుంచి ఇదే అత్తా." మీనాకుమారి అత్త ముఖం చూడలేకపోయింది. అయినా చెప్పాల్సిన మాట చెప్పేసింది. "నీ రుచి ఎవులికి కావాల? జనం వొస్తన్నాది నీ జంతికలకి కాదు, నీ తిట్లకి. గడ్డి వేయించి పెట్టినా కొంటారు."

ఆ మాట అంటున్నప్పుడు అది కిరణ్‌కుమార్ చెప్పిన మాటే. అనేశాక మాత్రం నిజమని ఆమెకే తెలిసిపోయింది. దాలమ్మకీ తెలిసింది.

దాలమ్మ అరవలేదు. చేతులకి అంటిన పిండిని నెమ్మదిగా గిన్నె అంచుకి రాసింది. లేచి పొయ్యి ఆపింది. అప్పుడే డబ్బాల మధ్య మెరుస్తున్న ఫోను ఆమె కంటపడింది. దాన్ని కాసేపు చూసి, కోడలి వైపు తిరిగింది.

"ఇందుకా?" అంది.

పీట మీద కూర్చుండిపోయి, పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి గానీ నోట్లోంచి చప్పుడు రాలేదు. మీనాకుమారి ఆమె కాళ్ల దగ్గర కూలబడి, "అత్తా, నా మాట కాదే అది, నా మాట కాదు," అంటూనే ఉంది. కిటికీ అవతలి నుంచి వచ్చి కిరణ్‌కుమార్ ఫోను తీసుకున్నాడు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే అతను ఆ వీడియో పెట్టేశాడు. నానీని ఏడిపించిన కోడలు అని దానికి పేరు. మొదటిదానికంటే ఎక్కువమంది చూశారు. మీనాకుమారిని దేశమంతా తిట్టింది. రాక్షసి అన్నారు, అరెస్టు చేయమన్నారు. తాల్‌బగీచాలో చిన్నప్పటినుంచి తెలిసిన ఆడవాళ్లు ఆమెని చూసి మాటలు ఆపేశారు. రాజశేఖర్ మొదటిసారి గొంతెత్తాడు. నిమ్‌పురా వెళ్లి కిరణ్‌కుమార్ కాలరు పట్టుకున్నాడు. కిరణ్‌కుమార్ క్షమించమని అడిగి, అప్పటికప్పుడు తన పేజీలోంచి ఆ వీడియో తీసేశాడు.

"నా దగ్గర తీసేసినాను అన్నా. గానీ అది ఇప్పుడు నా దగ్గరే నేదు. ఎంతమంది దగ్గరున్నాదో నాకే తెల్దు."

కోల్‌కతా ఆయన నుంచి కబురు వచ్చింది. ఏడుపు తన సరుక్కి పనికిరాదన్నాడు.

దాలమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి రాలేదు. వెనక గదిలో మంచం మీద కూర్చునేది. కోడలితో మాట్లాడకుండా ఏమీ ఉండలేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది. "ఉప్పు సరిపోయిందా అత్తా?" అంటే "సరిపోయింది" అనేది. ఉప్పు వేయడం మరిచిపోయిన రోజున కూడా అదే మాట. కొన్నాళ్లకి ఆమె తనంతట తనే ఒకటి అడిగింది.

"నన్ను కాశీబుగ్గ దింపండి. మా పైడమ్మ దగ్గర కొన్నాళ్లుంటాను."

పైడమ్మ ఆమె చెల్లెలు. మీనాకుమారి తోడు వెళ్లింది. పొద్దుటి బండిలో కిటికీ పక్కన కూర్చున్న దాలమ్మ కొంగు ముఖానికి అడ్డం కప్పుకుని, బాలాసోర్ దాటాక గానీ తీయలేదు. తీశాక బయట నీళ్లు నిండిన పొలాలు చూస్తూ, "ఇక్కడ మనల్ని ఎవులూ ఎరగరు," అంది. మీనాకుమారికి ఏడుపొచ్చింది.

పలాసలో దిగి ఆటోలో కాశీబుగ్గలోని ఇల్లు చేరేసరికి పైడమ్మ వీధిలోకే ఎదురొచ్చింది. అక్కని కావలించుకుని, "అప్పా, నువ్వు ఎంత పెద్దదానివైపోనావే! మా ఈదంతా ఫోన్లో నిన్నే సూత్తన్నాది!" అంది. ఆమెకి ఒట్టి సంతోషమే. ఏడ్చిన వీడియో సంగతి ఆమెకి చేరనే లేదు. అక్క వస్తోందని ఇరుగుపొరుగుకి ముందే చెప్పి ఉంచింది. కాళ్లు కడుక్కోకుండానే పదిమంది కుర్చీలు లాక్కుని చుట్టూ చేరారు.

"ఓపాలి ఆ మాట సెప్పవే అప్పా. నువ్వు నా అప్పవంటే ఈళ్లు నమ్మట్నేదు."

"వద్దు చిన్నత్తా," అని మీనాకుమారి లేవబోయింది. దాలమ్మ చెయ్యెత్తి ఆమెని ఆపింది. చెల్లెలి ముఖంలోకి చూసింది. పమిట సర్దుకుంది. బియ్యం దగ్గర మొదలుపెట్టి, గోధుమ దుమ్ము, ఫస్ట్ క్లాస్, మాల్‌గాడీ, డ్యూటీ ఆఫ్ అన్నీ వరసగా చెప్పింది. స్టేషన్లో మైకు బండ్ల వేళలు చదివినట్టు చెప్పింది. అందరూ విరగబడి నవ్వారు. పైడమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. దాలమ్మ అక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు.

తిరిగొచ్చాక ఎవరు అడిగినా ఆ తిట్లు చెప్పేసేది. వీధిలోకి వచ్చినవాళ్లు, టోటోవాళ్లు, గుడి మెట్ల దగ్గర నిలేసినవాళ్లు, ఎవరు ఫోను ఎత్తినా సరే. కోపం లేని ఆ మాటలనే జనం ఇష్టపడ్డారు, వాళ్లకి తేడా తెలియలేదు. మీనాకుమారి ఒకటి రెండు సార్లు ఒంటరిగా జంతికలు వేసి బల్ల మీద పెట్టింది. అవి మెత్తబడేదాకా అలాగే ఉన్నాయి.

ఇంట్లో గడవడం కష్టమైన రోజుల్లో కిరణ్‌కుమార్ మళ్లీ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, తలొంచుకుని చెప్పాడు. మాల్‌లో ప్యాకెట్లు అమ్మే ఒక కంపెనీవాళ్లు నానీని అడుగుతున్నారట. రాజశేఖర్ లోపలికి వెళ్లిపోయాడు. దాలమ్మే, "రమ్మను," అంది.

పొయ్యి తీసేసిన వరండాలో లైట్లు పెట్టారు. దాలమ్మ చేతికి ఎర్రని ప్యాకెట్టు ఇచ్చారు. లోపల మిషను మీద చేసిన జంతికలు, అన్నీ ఒకే కొలత. ఈసారి రాజశేఖర్ స్థానంలో కంపెనీ తెచ్చిన నటుడెవరో సంచి పట్టుకుని నిలబడ్డాడు. లైటు దాలమ్మ ముఖం మీద సరిగ్గా పడేలా కిరణ్‌కుమార్ స్టాండు జరిపి, ఫోను మీనాకుమారి చేతికిచ్చాడు. కంపెనీ మనిషి చెప్పాల్సిన మాటలు రెండుసార్లు చదివి వినిపించాడు. దాలమ్మ శ్రద్ధగా విని తల ఊపింది.

"విప్పి తినాలేటి బాబూ ఇది?" అని అడిగింది.

"అక్కర్నేదు మామ్మా," అన్నాడు కిరణ్‌కుమార్. "కనపడేలాగ పట్టుకుంటే సాలు."

దాలమ్మ ప్యాకెట్టుని గుండెల మీదికి ఎత్తి పట్టుకుంది. మీనాకుమారి బటన్ నొక్కింది.